సైడు కాలువ మురుగు, కుళాయి నీరు, వరుసగా వస్తున్న జబ్బులు: మీ ప్రశ్నకు వివరమైన సమాధానం

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. మీ వీధిలో సిమెంటు రోడ్డు వేశారు గాని సైడు కాలువ పని సగంలో ఆగిపోయింది. ఏడెనిమిది ఇళ్ల స్నానాల నీరు, అంట్లు తోమిన నీరు, బట్టలుతికిన నీరు పారే దారి లేక మీ గేటు ముందు నిలుస్తున్నాయి. ఎదురింటివారి సెప్టిక్ ట్యాంకు గొట్టం కూడా ఆ కాలువలోకే తెరుచుకుంటోంది. వానలు తగ్గిన వారంలో వీధిలో చాలామందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండు వారాల తర్వాత మీ మరిదికి టైఫాయిడ్ అని డాక్టరు చెప్పారు. ఇప్పుడు రెండిళ్ల అవతల ఇద్దరికి కామెర్లు వచ్చాయి. మీ తోటికోడలికి ఏడో నెల. "మావి స్నానాల నీళ్లే, మా ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు, మా నీళ్ల వల్ల ఎవరికేం అవుతుంది" అని ఎదురింటివారు అంటున్నారు. ఈ మురుగు వల్ల ఏయే జబ్బులు వస్తాయి, ముందుగా ఏం చేయాలి అని అడిగారు.

జిల్లా స్థాయిలో అంటువ్యాధుల నివారణ పనిలో చాలాకాలం ఉన్నవాడిగా ఒక మాట ముందే చెబుతాను. మీకు వచ్చిన మూడు జబ్బులను మూడు విడివిడి సంఘటనలుగా చూడకండి. అవి ఒకే సంఘటనకు మూడు గడువుల్లో బయటపడిన ఫలితాలు అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఆ సంఘటన జరిగిన చోటు మీ గేటు ముందున్న మడుగు కాకపోవచ్చు. ఆ మురుగు మీ తాగునీటిని ఎక్కడ తాకుతోందో అదే అసలు చోటు, దాన్ని వెతకాలి.

ఎందుకు ఇలా అంటున్నానో వివరిస్తాను. కలుషితమైన నీరు ఒకే రోజున తాగినా అందులోని క్రిములన్నీ ఒకే రోజున జబ్బు చేయవు. కలరా క్రిమి కొన్ని గంటల నుంచి ఐదు రోజుల లోపల బయటపడుతుంది, మామూలు విరేచనాలు కలిగించే క్రిములకూ ఒకటి నుంచి మూడు రోజులు చాలు. టైఫాయిడ్‌కు సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ వైరస్‌కు రెండు నుంచి ఏడు వారాలు, హెపటైటిస్ ఇ వైరస్‌కు రెండు నుంచి పది వారాలు పట్టవచ్చు. అంటే ముందు వీధంతా విరేచనాలు, తర్వాత ఒకటి రెండు ఇళ్లలో టైఫాయిడ్, ఆ తర్వాత కామెర్లు అన్న ఈ వరుస, మలం కలిసిన నీరు ఒకసారి తాగునీటిలోకి చేరిందనడానికి మాకు చాలా పరిచయమైన గుర్తు. విరేచనాలు తగ్గగానే "గండం గడిచింది" అనుకుని నీటి సంగతి మరిచిపోవడం వల్లనే తర్వాతి రెండు జబ్బులూ మనల్ని తేలికగా పట్టుకుంటాయి. మీ వీధిలో ఇంకా కొన్ని వారాల పాటు కొత్తగా కామెర్లు కనిపించవచ్చు. కనిపించినంత మాత్రాన ఇప్పుడు మీరు తీసుకునే జాగ్రత్తలు పనిచేయలేదని కాదు. అవి పాత నీటి ఫలితాలు.

ఇక ఆ కలయిక ఎక్కడ జరుగుతుందో చూద్దాం. మన ఊళ్లలో కుళాయి నీరు రోజుకు గంటో రెండు గంటలో వస్తుంది. మిగతా సమయమంతా గొట్టం ఖాళీగా ఉంటుంది. నీరు వస్తున్నప్పుడు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి సందు ఉన్నా లోపలి నీరు బయటికి కారుతుంది. నీరు ఆగిన తర్వాత ఆ ఒత్తిడి పోయి, అదే సందులోంచి బయటి మురుగు లోపలికి వెళుతుంది. దీనికి తోడు చాలా ఇళ్లలో కుళాయి గొట్టానికే నేరుగా మోటారు బిగిస్తారు. మోటారు లాగినప్పుడు తన ఇంటికి నీరు లాక్కోవడమే కాక, వీధి పొడవునా ఉన్న ప్రతి సందులోంచి మురుగును కూడా లాగుతుంది. అందువల్ల మోటారు ఒకరిదైతే జబ్బు ఇంకొకరిదవుతుంది. హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లో 2009 మే నెలలో, గుంటూరులో 2018 మార్చిలో తాగునీటిలో మురుగు కలిసి జనం ఆస్పత్రుల పాలైనప్పుడు ప్రాణాలు కూడా పోయాయి. ఆ ఊళ్లలో మురుగు అంతకుముందు కూడా ఉంది. జనాన్ని పడగొట్టింది అది గొట్టంలోకి దారి చేసుకోవడం.

కాబట్టి రేపు ఉదయం నీరు వదలకముందు ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవారిని ఒకరిని తోడు తీసుకుని వీధి గొట్టం నుంచి మీ ఇంటికి వచ్చే సన్న గొట్టం వెంట నడిచి చూడండి. అది సైడు కాలువను ఎక్కడ దాటుతోంది? కాలువ పైనుంచి వెళుతోందా, కాలువ అడుగున మురుగులో మునిగి ఉందా? నేను చూసిన ఊళ్లలో ఎక్కువ చోట్ల మునిగే ఉంటుంది. రోడ్డు వేసేటప్పుడు గొట్టం పగిలితే, దాన్ని కోసి, మధ్యలో ఒక ముక్క అతికించి, అతుకు మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, తీగతో బిగించి వదిలేస్తారు. కొన్నాళ్లకు ఆ రబ్బరు ఎండి చిట్లుతుంది. నీరు వదిలినప్పుడు ఆ అతుకు దగ్గర మురుగు పైకి సన్నగా బుడగలు వస్తుంటే, లేదా అక్కడ మాత్రం మురుగు పలచబడి తేటగా కనిపిస్తుంటే, గొట్టం కారుతోందని అర్థం. కారే చోటే పీల్చే చోటు కూడా.

రెండోది కుళాయి గుంట. నీటి ఒత్తిడి చాలక, గేటు దగ్గర రెండు మూడడుగుల గొయ్యి తీసి అందులో కుళాయి పెట్టుకుని బిందెలు నింపుకోవడం మన పట్టణాల శివారు కాలనీల్లో మామూలే. వాన పడితే ఆ గుంటలోకి సైడు కాలువ నీరు చేరుతుంది, కుళాయి మూతి మునుగుతుంది, తిప్పు సరిగా బిగియకపోతే మునిగిన నీరంతా నేరుగా గొట్టంలోకి పోతుంది. వీధిలో అలాంటి గుంట ఒక్కటి ఉన్నా చాలు. మీ వీధిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాసుకోండి. ఇది తర్వాత పంచాయతీకి ఇచ్చే అర్జీలో పనికొస్తుంది.

ఎదురింటివారి మాటకు వస్తాను. వారి మీద కోపం పెట్టుకోవద్దు. వారు నమ్మినదే చెబుతున్నారు. కానీ ఆ నమ్మకం రెండు చోట్ల పొరపాటు. స్నానాల నీరు, ఉతికిన నీరు మలం లేని నీరు కాదు. పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీరు, బిడ్డను కడిగిన నీరు, విరేచనాలతో ఉన్న మనిషి స్నానం చేసిన నీరు అన్నీ అందులోనే ఉంటాయి. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల కలరా 600 మందికి పైగా ప్రాణాలు తీసింది. అక్కడి బావి పంపు నీరే కారణమని జాన్ స్నో అనే వైద్యుడు చూపించిన సంగతి చాలామందికి తెలుసు. ఆ బావి ఎలా చెడిందన్నది అంతగా తెలియదు. హెన్రీ వైట్‌హెడ్ అనే స్థానిక మతగురువు ఇల్లిల్లూ తిరిగి అడిగితే, పంపు పక్కనే ఉన్న ఇంట్లో ఒక పసిబిడ్డకు అందరికంటే ముందు విరేచనాలు వచ్చాయని, ఆ తల్లి బిడ్డ గుడ్డలు ఉతికిన నీటిని ఇంటి ముందున్న మురుగు గుంటలో పోసిందని బయటపడింది. తవ్వి చూస్తే ఆ గుంట ఇటుకలు పాడైపోయి ఉన్నాయి. గుంటకూ బావికీ మధ్య దూరం మూడడుగుల లోపే. అంతమంది ప్రాణాలకు మూలం ఒక తల్లి ఏ దోషమూ ఎరగక పారబోసిన గుడ్డల నీరు.

"మా ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు" అన్నది రెండో పొరపాటు. టైఫాయిడ్ వచ్చి తగ్గినవారిలో నూటికి ఇద్దరు నుంచి ఐదుగురి పిత్తాశయంలో ఆ క్రిమి స్థిరపడి, ఏ బాధా లేకుండానే నెలలు, ఏళ్ల తరబడి వారి మలంలో బయటికి వస్తూనే ఉంటుంది. హెపటైటిస్ ఎ సోకిన చిన్నపిల్లల్లో చాలామందికి కళ్లు పచ్చబడవు, ఆడుతూ పాడుతూనే ఉంటారు. పోలియో సంగతి ఇంకా స్పష్టం. 2016లో హైదరాబాద్ అంబర్‌పేట దగ్గర తీసిన మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టి రూపు మార్చుకున్న రెండో రకం పోలియో వైరస్ కనిపించింది. నగరంలో ఏ బిడ్డకూ పోలియో రాలేదు. అయినా ఆ జూన్‌లో సుమారు మూడు లక్షల మంది పిల్లలకు పోలియో ఇంజెక్షన్ టీకా వేశారు. 2020లో ఇదే నగరంలోని సీసీఎంబీ, ఐఐసీటీ అనే పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు మురుగునీటిలోని కరోనా వైరస్ ఆనవాళ్లను కొలిచి, నగరంలో దాదాపు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా వేశారు. ఆ వైరస్ మురుగు ద్వారా అంటుకుంటుందని దీని అర్థం కాదు. జబ్బు ఉన్నట్టు ఇంట్లోవారికే తెలియకముందే ఇంటి మురుగులోకి దాని జాడ చేరుతుందని చెప్పడానికే దీన్ని ఉదహరించాను.

సెప్టిక్ ట్యాంకు గొట్టాన్ని కాలువలో వదలడం మాత్రం వాదన అక్కర లేని తప్పు. సెప్టిక్ ట్యాంకు నీటిని శుభ్రం చేస్తుందన్న అభిప్రాయం చదువుకున్నవారిలోనూ ఉంది. అది గట్టి పదార్థాన్ని అడుగున దించి కొంత కుళ్లబెడుతుంది, అంతే. పైనుంచి పొంగి బయటికి వచ్చే నీరు చూడటానికి పలచగా ఉన్నా, టైఫాయిడ్ క్రిములు, కామెర్ల వైరస్‌లు, కొన్ని పురుగుల గుడ్లు అందులో సజీవంగానే ఉంటాయి. ఆ నీరు ఇంకుడు గుంతలోకి వెళ్లి, నేల పొరల గుండా వడకట్టుకోవాలి. కాలువలోకి తెరిస్తే, పదేళ్ల కిందట బహిర్భూమికి పొలాల గట్లకు వెళ్లిన ప్రమాదాన్ని మనమే గొట్టం వేసి వీధి మధ్యకు తెచ్చుకున్నట్టు. ఇంకా మరుగుదొడ్డి కట్టుకోనివారు మీ వీధిలో ఉంటే, సెప్టిక్ ట్యాంకు బదులు రెండు గుంతల మరుగుదొడ్డి గురించి ఆలోచించమనండి. ఒక గుంత నిండాక దాన్ని మూసి రెండోది వాడుతుంటే, మూసినది ఏడాదికి పైగా తడి తగలకుండా ఉండి ఎరువుగా మారుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా అలాంటి గుంతలోకి దిగి ఖాళీ చేసి చూపించారు. సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం ఎవరూ, ఎన్నడూ దిగకూడదు. అందులోని విషవాయువు క్షణాల్లో మనిషిని పడేస్తుంది, రక్షించడానికి దిగినవారినీ పడేస్తుంది. రెండు మూడేళ్లకోసారి యంత్రంతోనే తోడించాలి.

ఇప్పుడు మీ తోటికోడలి విషయం. నిజానికి నేను ఇంత పొడవుగా రాయడానికి కారణం ఆమే. హెపటైటిస్ ఇ మామూలు మనుషులకు వచ్చి తనంతట తాను తగ్గిపోయే కామెర్లు. కానీ గర్భిణులకు, అందులోనూ చివరి మూడు నెలల్లో వస్తే, నూటికి 20 నుంచి 25 మంది వరకు ప్రాణం పోగొట్టుకునే జబ్బు అది. 1955 నవంబరులో ఢిల్లీలో వరద వల్ల నజఫ్‌గఢ్ కాలువ మురుగు యమునలో వజీరాబాద్ దగ్గర తాగునీరు తోడే చోటికి చేరింది. అధికారులు గమనించి క్లోరిన్ బాగా పెంచారు. నగరంలో టైఫాయిడ్ గాని, రక్తవిరేచనాలు గాని పెరగలేదు. కానీ డిసెంబరు, జనవరిలలో సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి, గర్భిణులు ఎక్కువగా చనిపోయారు. అప్పట్లో దాచిన రక్త నమూనాలను దశాబ్దాల తర్వాత పరీక్షిస్తే అది హెపటైటిస్ ఎ కాదని తేలింది. ఆ వైరస్‌నే ఇప్పుడు హెపటైటిస్ ఇ అంటున్నాం. దీన్నుంచి మీరు గ్రహించవలసింది ఒకటే. మురుగు బాగా కలిసిన నీటికి బ్లీచింగ్ వేసినంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. బ్యాక్టీరియా చచ్చే మోతాదుకు వైరస్ బతికిపోవచ్చు, అమీబా తిత్తులూ చావవు. ఆమె తాగే నీరు, పళ్లు తోముకునే నీరు కూడా, తెర్లేలా మరిగించి, కనీసం ఒక నిమిషం పాటు ఆ మరుగు ఆగకుండా ఉంచి, అదే పాత్రలో మూతపెట్టి చల్లార్చినదై ఉండాలి. వేరే బిందెలోకి వంచితే మళ్లీ చెయ్యి తగులుతుంది. బయటి చట్నీలు, పానీపూరీ, చెరకు రసం, ఐసు ఆమెకు పూర్తిగా మాన్పించండి. ఆమెకు ఆకలి మందగించినా, వాంతులైనా, మూత్రం ముదురు పసుపుగా వచ్చినా కళ్లు పచ్చబడేదాకా ఆగవద్దు. పసరు మందులకు, కళ్లలో పోసే నాటు మందులకు తీసుకెళ్లవద్దు. ఆ రోజే ప్రసూతి వైద్యులు, లివర్ పరీక్షలు ఉన్న పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇంటి మిగతా నీటి సంగతి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని గ్రామీణ నీటి సరఫరా విభాగంలో గాని హెచ్‌టూఎస్ సీసాలు అడగండి. గీత దాకా నీరు నింపి మూతపెట్టి గది వెచ్చదనంలో ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీరైతే నల్లబడుతుంది. నల్లబడితే ఇక సందేహం అక్కర లేదు. నల్లబడకపోతే మాత్రం నీరు మంచిదని తేల్చేయకండి, వారం తర్వాత మళ్లీ చూడండి, ఎందుకంటే మురుగు ప్రతిరోజూ ఒకేలా కలవదు. క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టెతో కుళాయి నీటిలో క్లోరిన్ ఎంత మిగిలిందో చూడవచ్చు. మందు చుక్కలు వేయగానే నీరు పసుపు రంగుకు తిరగాలి. మామూలు రోజుల్లో చివరి ఇంటి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు, జబ్బులు ఉన్నప్పుడు 0.5 మిల్లీగ్రాములు మిగలాలి. ట్యాంకు దగ్గర బాగా ఉండి మీ వీధి చివర అసలు రంగే రాకపోతే, మధ్యలో మురుగు ఆ క్లోరిన్‌ను తినేస్తోందని అర్థం. కలుషితం ఎక్కడ జరుగుతోందో పట్టుకోవడానికి ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. ఇంటింటికీ చూస్తూ పోతే, ఏ రెండిళ్ల మధ్య రంగు మాయమైందో ఆ మధ్యనే తవ్వి చూడాలి.

మీ సంపును ఒకసారి ఖాళీ చేసి, గోడలు రుద్ది కడిగి, మళ్లీ నింపి బ్లీచింగ్ వేయండి. మంచి బ్లీచింగ్ పొడి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు సరిపోతుంది. కొద్ది నీటిలో పేస్టులా కలిపి, ఇంకాస్త నీరు పోసి, సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రమే సంపులో కలిపి, గంట తర్వాతే వాడాలి. చాలాకాలం కిందట విప్పిన సంచిలోని పొడికి సత్తువ ఉండదు, క్లోరోస్కోప్‌తో సరిచూసుకోండి. ఆర్వో ప్లాంటు క్యాను నీరు తాగుతున్నాం కదా అని కొందరు అంటారు. ప్లాంటువారు చూపించే టీడీఎస్ అంకె ఉప్పుల లెక్కే గాని క్రిముల లెక్క కాదు. క్యాను కడిగిన నీరు ఎలాంటిదో, మూత తీసిన చెయ్యి ఎలాంటిదో ఆ అంకె చెప్పదు.

గేటు ముందున్న మడుగు నోటి ద్వారా చేసే హాని కంటే దోమల ద్వారా చేసే హాని నెమ్మదైనది, కానీ జీవితాంతం ఉండేది. మురుగునీటిలో పుట్టే క్యూలెక్స్ దోమ బోదకాలు పురుగును మోస్తుంది. నల్లగా కుళ్లిన నీరే దానికి ఇష్టం. దాని గుడ్లు నీటిమీద చిన్న తెప్పలా అతుక్కుని తేలుతాయి, మన వేసవిలో వారం పదిరోజుల్లో దోమలై ఎగురుతాయి. బోదకాలు ఒక్క కాటుతో రాదు. ఏళ్ల తరబడి పదేపదే కుట్టించుకుంటే వస్తుంది. వచ్చాక కాలు మామూలు స్థితికి రావడం కష్టం. ఏటా ఇంటింటికీ వచ్చి డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు కళ్లముందు మింగించే కార్యక్రమం మీ జిల్లాలో ఉంటే, ఇంట్లో అర్హులందరూ మింగండి. ఒంట్లో బాగానే ఉంది కదా అని మానవద్దు. గర్భిణులకు, రెండేళ్ల లోపు పిల్లలకు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారికి అవి ఇవ్వరు. డెంగీ సంగతి వేరు. ఆ దోమ ముఖ్యంగా డ్రమ్ముల్లో, కూలర్లలో, కొబ్బరి చిప్పల్లో నిలిచే మంచినీటిలో పుడుతుంది. కాబట్టి కాలువలో మందు కొట్టించి డెంగీ భయం తీరిందనుకోకండి, శుక్రవారం శుక్రవారం తొట్లు ఆరబెట్టడం మానకండి.

క్యూలెక్స్ దోమకు మీరు చూడని కార్ఖానా ఒకటి ఉంది. సాయంత్రం చీకటి పడుతుండగా సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం మూతి దగ్గర నిలబడి చూడండి. ఒక్కొక్క ఇంటి గొట్టంలోంచి దోమలు పొగ లేచినట్టు వస్తాయి. ఆ మూతికి సన్నని నైలాను జాలీ చుట్టి గట్టిగా కట్టండి, పలకల సందులను సిమెంటుతో పూడ్చండి. ఖర్చు వందల్లో ఉంటుంది, దానితో వచ్చే ఫలితం మాత్రం ఫాగింగ్ యంత్రం పదిసార్లు తిరిగినా రాదు. కాలువలో నిలిచిన నీటిమీద వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టిన రంపపు పొట్టు మూటలు, అంటే ఆయిల్ బాల్స్ వేయడం తాత్కాలికంగా పనిచేస్తుంది. దోమ పిల్లలను తినే గంబూషియా చేపలు చెరువులకు, బావులకు పనికొస్తాయి గాని ఇంత కుళ్లు నీటిలో వాటిమీద ఆశ పెట్టుకోలేం.

పాదాల సంగతి క్లుప్తంగా చెబుతాను. మురుగు తడిసిన మట్టిలో కొంకిపురుగు పిల్లలు ఉత్త కాళ్ల చర్మం గుండా లోపలికి దూరి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. పిల్లలు, గర్భిణులు రక్తహీనులు కావడానికి ఇదొక కారణం. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర పిల్లలకు తప్పనిసరిగా వేయించండి. ఎలుకలు తిరిగే మురుగులో పుండ్లు, పగుళ్లు ఉన్న కాళ్లతో దిగితే లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం రావచ్చు. జ్వరంతో పాటు పిక్కలు విపరీతంగా నొప్పి పెట్టి, కళ్లు ఎర్రబడితే మురుగులో నడిచిన సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి. చెప్పకపోతే వారికి తట్టకపోవచ్చు.

వాడిన నీటిని వీధిలోకి రాకుండా ఇంట్లోనే ఇంకించడం మీ చేతిలో ఉన్న శాశ్వతమైన పని. మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు వస్తే అందులో మూడింట రెండు వంతులు మురుగుగా బయటికి పోతుంది, అంటే ఐదుగురున్న ఇంటి నుంచి రోజుకు 180 లీటర్ల పైచిలుకు. ఎర్రనేల, ఇసుకనేల అయితే మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉన్న ఇంకుడు గుంత ఒక ఇంటికి సరిపోతుంది. మధ్యలో చిల్లులు పెట్టిన సిమెంటు తూమునో పాత గోళాన్నో నిలబెట్టి, చుట్టూ రాళ్లు నింపి, పైన మూత వేయాలి. దానికి ముందు జిడ్డు, మెతుకులు ఆగే చిన్న తొట్టి ఒకటి కట్టి, వారానికోసారి శుభ్రం చేసుకోవాలి. తొట్టి లేకపోతే ఏడాది తిరగకుండానే గుంత పూడుకుపోయి, గుంతలు పనిచేయవన్న మాట పుడుతుంది. మరుగుదొడ్డి నీటిని మాత్రం ఇందులో కలపవద్దు. నల్లరేగడిలో నీరు ఇంకదు, డెల్టా గ్రామాల్లో నాలుగైదు అడుగులకే నీరు పడుతుంది. అటువంటి చోట గుంత తవ్వితే భూగర్భ జలంలోకి మురుగును చేత్తో దించినట్టే అవుతుంది. అక్కడ అరటి, చేమ, మెట్టతామర నాటిన మడిలోకి మళ్లించడం మేలు.

బోరు ఉన్న ఇళ్లవారికి ఒక హెచ్చరిక. సెప్టిక్ ట్యాంకు ఇంకుడు గుంతకూ తాగునీటి బావికీ బోరుకూ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని మన ప్రమాణాలు చెబుతున్నాయి. ఇది మట్టి వడకడుతుందన్న లెక్క మీద పెట్టిన దూరం. తెలంగాణ, రాయలసీమల్లోని రాతినేలలో మట్టి పొర పలచన, కిందంతా పగుళ్ల రాయి. మురుగు ఒక పగులు పట్టుకుంటే 18 మీటర్లు దానికి దూరమే కాదు. బోరు పైభాగంలో కేసింగ్, అంటే బోరు గోడకు దించే గొట్టం, రాతి దాకా దిగి, చుట్టూ సిమెంటుతో మూసి, పైన గట్టు కట్టి ఉంటేనే కొంత రక్షణ. అందుకే బోరు లోతుగా ఉంది గనుక నీరు మంచిదన్న మాట నేను ఒప్పుకోను.

మీ అన్నగారి హైదరాబాద్ ఫ్లాటులో వాడని బాత్రూం నుంచి కంపు వస్తోందని కూడా రాశారు. నేలమీది జాలీ కింద వంపు గొట్టంలో నిలవాల్సిన నీరు ఎండిపోయినట్టుంది. 2003 మార్చిలో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే ఎత్తైన భవనాల్లో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి 300 మందికి పైగా సోకడానికి ఎండిన ఆ వంపులు, వాటిలోంచి గాలిని లాగిన బాత్రూం ఫ్యాన్లు కారణమని విచారణలో తేలింది. వారానికి రెండుసార్లు అందులో ఒక చెంబెడు నీరు పోయమనండి.

మీ మరిది గురించి. మన ఊళ్లలో జ్వరం వచ్చిన రెండో రోజునే వైడాల్ అనే రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అనడం అలవాటుగా మారింది, ఆ పరీక్ష ఒక్కటే నమ్మదగ్గది కాదు. మందులు మొదలుపెట్టే ముందే రక్తం కల్చర్‌కు, అంటే రక్తంలోని క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు పంపితే సరైన మందు తెలుస్తుంది. ఏదైనా, రాసిన మందులు జ్వరం తగ్గగానే ఆపకూడదు. తగ్గిన తర్వాత కూడా కొన్ని వారాలు ఆయన వంటింట్లో చెయ్యి పెట్టకూడదు. ఆయన బట్టలు వేడినీటిలో గాని బ్లీచింగ్ నీటిలో గాని నానబెట్టి ఉతకాలి, ఆ నీరు గేటు ముందుకు కాక మరుగుదొడ్డిలోకి పోవాలి. మిగతావారికి, పిల్లలకు టైఫాయిడ్ కాంజుగేట్ టీకా గురించి డాక్టరును అడగండి. ఆరు నెలలు దాటిన పిల్లల నుంచి ఒక్క మోతాదుతో వేసే ఈ రకం టీకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుగా ఆమోదించినది, 2017లో, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసినదే. మళ్లీ ఎవరికైనా విరేచనాలు మొదలైతే మొదటి విరేచనం నుంచే ఓఆర్‌ఎస్ పట్టండి, పిల్లలకు 14 రోజులు జింకు ఇవ్వండి. మూత్రం తగ్గినా, కళ్లు గుంట పడ్డా సెలైన్ కోసం ఆస్పత్రికి వెళ్లండి.

పంచాయతీకి అర్జీ రాసేటప్పుడు "మురుగు వల్ల ఇబ్బందిగా ఉంది" అని రాస్తే అది వంద అర్జీల్లో ఒకటవుతుంది. ఏ తేదీన ఎన్ని ఇళ్లలో విరేచనాలు, ఎప్పుడు టైఫాయిడ్, ఎప్పుడు కామెర్లు, తాగునీటి గొట్టం కాలువను ఎన్నిచోట్ల మురుగులో మునిగి దాటుతోంది, కుళాయి గుంటలు ఎన్ని, క్లోరిన్ రంగు ఏ ఇంటి దగ్గర పోతోంది, ఇవన్నీ రాసి, ఒక ప్రతి పంచాయతీ కార్యదర్శికి, ఒకటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి, ఒకటి నీటి సరఫరా విభాగం ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) ఇచ్చి రసీదు తీసుకోండి. అడగవలసిన క్రమం కూడా ముఖ్యం. మొదట గొట్టాన్ని కాలువ పైకి ఎత్తి అతుకులు లేని ముక్క వేయాలి, ఆ తర్వాత కుళాయి గుంటలు పూడ్చి, నేరుగా బిగించిన మోటార్లు తీయించాలి, ఎదురింటి సెప్టిక్ గొట్టానికి ఇంకుడు గుంత కట్టించాలి, కాలువ నిర్మాణం చివరగా అయినా ఫరవాలేదు. ఎదురింటివారిని కూడా ఆ అర్జీమీద సంతకం పెట్టమని అడగండి. వారి పిల్లలూ అదే గొట్టం నీరు తాగుతున్నారు.

హెచ్‌టూఎస్ సీసా ఫలితం, క్లోరిన్ రంగు పోయిన చోటు, మీ నేల నల్లరేగడా ఎర్రనేలా అన్న సంగతి తెలిశాక మళ్లీ రాయండి. గుంత ఎక్కడ, ఎంత లోతున తవ్వాలో అప్పుడు చెబుతాను. మీ తోటికోడలికి నీరు మరిగించడం మాత్రం ఇది చదివిన పూటే మొదలుపెట్టండి.